దేశికాచారి మొదటి తీర్థం

తిరుపతిలో ఒక ట్రస్టు ఆఫీసు కౌంటరు వెనక ముప్పై నాలుగేళ్ళు కూర్చున్నాడు దేశికాచారి. అన్నేళ్ళలో ఆయన్ని చూసి లేచి నిలబడిన మనిషి ఒక్కడూ లేడు. ప్యూను కూడా కూర్చునే టీ అందించేవాడు. అయినా ఆచారికి దిగులు లేదు. ఏడాదికొక్క రోజు, ముక్కోటి ఏకాదశి పొద్దున, సత్యవేడు పక్కన సొంతూరి పెరుమాళ్ళ గుడిలో మొదటి తీర్థం తనది. ఆ ఒక్క గుక్కతో మిగతా మూడువందల అరవై నాలుగు రోజులూ ఛాతీ విరుచుకుని తిరిగేవాడు.

ఆ హక్కుకి ఆధారం ఒక పారశీ రాతప్రతి. ముత్తాత నవాబు కచేరీలో ఉత్తరాలు రాసే రాయసం పని చేసేవాడట, ఆయన తెచ్చాడట. పట్టుగుడ్డలో చుట్టి పూజగదిలో సాలగ్రామం పక్కన పెట్టుకున్నారు. "నవాబే రాసిచ్చినాడప్పా, మొదటి తీర్థం మా ఇంటిదని!" అనేవాడు ఆచారి. చదివిందెవరు? ఎవరూ లేరు. చదవరాని దాన్ని కాదనేదెవడు? ఆయుధపూజకి దానికి పసుపు, కుంకుమ. పైగా అట్టమీద తిరునామం కూడా దిద్దాడు మహానుభావుడు!

ఈ ఏడు చిన్నాన్న కొడుకు యదునందన్ అడ్డం తిరిగాడు. శ్రీ సిటీ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. రోజూ వందమంది మీద అరిచేవాడికి ఇక్కడ రెండో తీర్థం తాగడం నామోషీ అయిపోయింది.

"ఏందన్నా, ఎప్పుడూ నువ్వేనా? ఆ పుస్తకంలో ఏముండాదో సదివించు, సూద్దాం."

గుడి కమిటీ పెద్ద మునికృష్ణకి ఈ గోలతో తల వాచిపోయింది. "ఇద్దరూ కర్పూరం ఆర్పండప్పా. అందులో ఏం రాసుంటే అదే మీ ఇద్దరికీ కట్టుబాటు" అన్నాడు. ఇద్దరూ వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి ప్రమాణం చేశారు. ఆర్పినాక మాట తప్పితే ఆ ఊళ్ళో ఇక తలెత్తుకోలేరు.

ఏకాదశి పొద్దున బయటి మండపంలోకి దస్తగిరి సాహెబుని పిలిపించారు. రిటైరైన ఉర్దూ అయ్యవారు, పారశీ కూడా వచ్చు. ఆయన చేతులు కడుక్కుని, పుస్తకం మీది కుంకుమ దులిపి, కళ్ళద్దాలు సర్దుకున్నాడు. ఆచారి లేని మీసం దువ్వుకున్నాడు.

సాహెబు నాలుగు పేజీలు తిప్పి నవ్వాపుకున్నాడు. "స్వామీ, ఇది నవాబు రాసింది కాదు. సూఫీ ఫకీర్లు ఎట్లా నడుచుకోవాల్నో చెప్పే పుస్తకం. తిండి, మాట, సావాసం, అన్నీ ఉండాయి."

"తీర్థం ఉండాదా?" అడిగాడు ఆచారి.

"తీర్థం లేదు. నలుగురు చేరిన చోట యాడ నిలబడాల్నో ఉండాది." సాహెబు వేలు పెట్టి చదివాడు. "చెప్పులు విడిచే చోట నిలబడు. ముందు వరసకి ఎగబడేవాడు దేవుణ్ణి చూసేదానికి రాలా, తన్ను చూపించుకునేదానికి వచ్చినాడు."

మండపం గొల్లుమంది. ఆచారికి ప్రాణం చచ్చిపోయింది. ఇన్నేళ్ళూ పసుపు కుంకుమలు పెట్టి పూజించింది ఈ చీవాట్లనా!

"అయితే నాదే" అంటూ యదునందన్ ముందుకి నడవబోయాడు.

"యాడికప్పా? కర్పూరం నువ్వూ ఆర్పినావు గదా" అన్నాడు మునికృష్ణ.

అన్నదమ్ములిద్దరూ వెనక్కి నడిచారు. అక్కడన్నా ఊరుకున్నారా? "పెద్దోణ్ణి, ఆఖరు నాది" అని ఒకరు, "పోన్నా, నాది" అని ఇంకొకరు. చెప్పుల మధ్య ఒకటే తోపులాట. మిగతా మగవాళ్ళు తక్కువ తిన్నారా? ముందుంటే చూపించుకునేదానికి వచ్చినట్టని అందరూ వెనక్కి తిరిగారు. ఎప్పుడూ చెప్పుల పక్కన నిలబడే ఆడవాళ్ళని ముందుకి పంపేశారు. అందరికంటే ముందు నిలిచింది ఆచారి భార్య పెరుందేవి.

అర్చకుడు వరస ప్రకారం మొదటి తీర్థం ఆమె చేతిలో పోశాడు. ఆమె తాగి, వెనక్కి తిరిగి, అంత దూరాన ఉన్న మొగుణ్ణి కేకేసింది.

"ఏమండీ! దీంట్లో పచ్చకర్పూరం వేస్తారా? ఏలకులు కూడానా?"

గిన్నె చిన్నది. ఏటా సగం మందికే తీర్థం సరిపోయేది. ఆ తర్వాత అర్చకుడు అందులో బిందెనీళ్ళు పోసేవాడు. ఈ సంగతి ఆచారికి ఏనాడూ తెలియదు, తెలుసుకునే అవసరమూ రాలేదు. చివరికి గిన్నె ఆయన దగ్గరికొచ్చింది. తాగి, నాలుక చప్పరించి చూశాడు. ఉత్త నీళ్ళు. సిగ్గేసింది.

"పెళ్ళైనప్పటి నుంచీ, నలభై ఏళ్ళుగా ఇవే తాగినావా?" అన్నాడు, వెనక్కి తన పక్కకొచ్చిన భార్యతో, మెల్లగా.

"మరి? తీర్థమంటే ఇట్లే ఉంటాదేమో అనుకున్నాను" అంది పెరుందేవి.