కోర్సికాలో ఆటో వెళ్ళే ఊరు

హైదరాబాదు చరిత్ర రాసిన పండితులు నవాబులకూ వరదలకూ బిర్యానీకీ ఇచ్చిన పుటల్లో ఒక్కటైనా దబీర్‌పురా స్టేషన్ రోడ్డులోని ప్రేమ్‌రాజ్ ఫోటో స్టూడియోకు కేటాయించకపోవడం విచారకరం. పాతబస్తీలోని తతిమ్మా స్టూడియోలవాళ్ళంతా వెనక సీనరీ కోసం "నాలుగో నంబరు పెట్టమంటరా, ఏడో నంబరా?" అని గిరాకీలను అడుగుతున్న రోజుల్లో, ప్రేమ్‌రాజ్ ఒక్కడే నంబరు పలకడానికి నిరాకరించాడు. ఊరి పేరు చెప్పేవాడు. "నోన్జా పోతరా, పియానా పోతరా?" అనేవాడు. ఈ అలవాటు ఏ శుభముహూర్తాన మొదలైందో శాసనాధారాలు లేవు. దాని ఫలితాలు మాత్రం దబీర్‌పురాలో ఇంటింటి గోడ మీదా మేకులకు వేలాడుతున్నాయి.

మూలకారణం కోఠిలో కొన్న ఒక సీడీ. స్టూడియో తెరిచిన కొత్తలో ప్రేమ్‌రాజ్ స్విట్జర్లాండు సీనరీల కోసం వెళ్ళాడు. దుకాణదారు డబ్బా తుడిచి ఒకటి చేతిలో పెట్టాడు. "గిది స్విట్జర్లాండేనా భాయ్?" అంటే, "పహాడ్ ఉన్నయ్, ఇండ్లున్నయ్, ఇంకేం గావాలె?" అన్నాడు. తీరా కంప్యూటర్లో వేసి చూస్తే అన్నీ ఒకే దీవి బొమ్మలు. కోర్సికా అట. ఫ్రాన్సు వాళ్ళదట. సముద్రంలోంచి కొండలు నేరుగా లేచి నిలబడ్డ దీవి. ప్రతి బొమ్మ కిందా ఊరి పేరు రాసి ఉంది.

వాపసు ఇద్దామనే అనుకున్నాడు. పొద్దుగూకేదాకా చూస్తూ కూర్చుని, ఆ ఆలోచన మానుకున్నాడు. నల్లని గులకరాళ్ళ తీరానికి ఎంతో ఎత్తున, కొండ అంచు మీద ఒక పాత బురుజును కాపలా పెట్టుకున్న నోన్జా. సాయంత్రపు ఎండకు ఎర్రగా కాలే రాతి శిఖరాల పక్కన పియానా. నీలం తలుపుల సన్నసందుల పిన్యా. దీవి నడిమధ్య రాతిగుట్ట కొనమీద కోటను నిలబెట్టుకున్న కోర్తె. కొండ నెత్తిన రాళ్ళ ఇళ్ళన్నీ చలికి ముడుచుకున్నట్టు గుండ్రంగా చేరిన సాంత్ ఆంతోనినో. ఇంత చక్కని ఊళ్ళను పట్టుకుని నాలుగు, ఏడు అనడానికి అతనికి నోరు రాలేదు.

నెపోలియన్ పుట్టింది ఆ దీవిలోనే. ఆయన అక్కడి నుంచి బయలుదేరి లోకం మీద పడ్డాడు. ప్రేమ్‌రాజ్ దబీర్‌పురాలో కూర్చుని లోకాన్ని అక్కడికి పంపాడు. నష్టం ఎవరివల్ల తక్కువో పాఠకులే తేల్చుకోవచ్చు.

కొన్నాళ్ళకు ఆ పేర్లు బస్తీ మాటల్లో కలిసిపోయాయి. "మా చింటుగాని పుట్టినరోజు నోన్జాల అయింది" అని ఒకరంటే, "మా స్రవ్య నిశ్చితార్థం పియానాల" అని ఇంకొకరు. వియ్యపురాళ్ళ మధ్య హెచ్చుతగ్గులు కూడా వచ్చాయి. పెద్దకోడలు కోర్తె కోట ముందు నిలబడితే చిన్నకోడలు పిన్యా సందుల్లో నిలబడుతుందా?

ఇందరిని సాగనంపినవాడు తాను మాత్రం పొద్దున జల్‌పల్లిలో స్కూటరెక్కి దబీర్‌పురాలో దిగేవాడు, రాత్రి దబీర్‌పురాలో ఎక్కి జల్‌పల్లిలో దిగేవాడు. సముద్రం అతను చూసింది కంప్యూటర్లోనే. కోర్సికాలో నిలబడ్డ ప్రేమ్‌రాజ్ ఫోటో ఒక్కటీ లేదు. ఫోటోలు కత్తిరించి లామినేషన్ చేసే భార్య సుజన అప్పుడప్పుడు, "అందరికి టిక్కెట్లు కోసే కండక్టరు లెక్క అయింది నీ బతుకు" అనేది. "గిరాకి లేనప్పుడు దిగుదాంలే" అనేవాడు.

తర్వాత గిరాకీ లేని రోజులు రానే వచ్చాయి. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. స్టూడియోకు పాస్‌పోర్టు సైజు ఫోటోలే దిక్కయ్యాయి, వాటికి వెనక తెల్లగోడ తప్ప ఏ ఊరూ ఉండకూడదని సర్కారు నియమం. తీరిక దొరికింది గానీ, ఖాళీ దుకాణంలో తన ఫోటో తాను తీసుకునే ఉత్సాహం మనిషికి ఉండదు.

అలాంటి ఒక మధ్యాహ్నం నాగమణమ్మ వచ్చింది. ఆకుపచ్చ చీర కట్టుకుంది. చంకలో ఒక సంచి. భర్త ఆగయ్య బస్సు డిపోలో టైర్లు మార్చే పని చేసి రిటైరై, నిరుడు పోయాడు. ఆమె సంచిలోంచి ఆయన డిపో గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టింది. అందులో ఆగయ్య భుజాల దాకానే ఉన్నాడు. నవ్వొద్దని ఎవరో గద్దించినట్టు ముఖం బిగించుకుని ఉన్నాడు.

"దండ ఏసే ఫోటోకా పెద్దమ్మా?" అన్నాడు ప్రేమ్‌రాజ్.

"దండది మా పెద్దోడు అప్పుడే చేపిచ్చిండు బిడ్డా. నాకు ఇద్దరం ఉన్నది గావాలె."

"లగ్గం ఫోటోలు లెవ్వా?"

"ఓ ఏడాది పెద్ద వానలకు ఇంట్లకు నీళ్ళు జొచ్చి ఆల్బం ముద్దయింది. ఎండబెట్టి గుంజితే ఆయన మొఖం ఊడొచ్చి నా మొఖం మీద అతుక్కున్నది. ఉన్నదొక్కటే ఇగ, గీ కార్డు." కార్డును తన వైపు తిప్పుకుంది. "రిటైరైనంక ఏడికన్న తోల్కపోత అన్నడు. ఇంట్లోళ్ళకు గూడ బస్సు పాసుండె. పాసున్నోళ్ళకు బస్సెక్క బుద్ధయితదా? యాదగిరిగుట్ట దాటలే. నువ్వు ఎవరినన్న ఏడికన్న పంపుతవంట గదా?"

చాలాకాలానికి అతని పాత వృత్తిని ఒకరు గుర్తుచేశారు. ప్రేమ్‌రాజ్ కుర్చీ ముందుకు జరుపుకుని, కొలువులో రాయబారిలా గొంతు సవరించుకుని, కంప్యూటర్లో నోన్జా తెరిచాడు.

"గాలి ఎట్ల కొడ్తదో సూడు. ఆయనకు చెవుల గాలి పడది" అంది నాగమణమ్మ.

సాంత్ ఆంతోనినో చూపించాడు.

"గన్ని మెట్లా! మా ఇంటి ముంగట మెట్లెక్కెతందుకే దేవుళ్ళనందర్ని తలిచెటోడు. టైర్ల ముంగట మోకాళ్ళ మీద కూసొని కూసొని అరిగినయ్ బిడ్డా."

పియానాలో రాళ్ళు బాగున్నాయంది గానీ కూర్చునే చోటు కనబడలేదంది. పిన్యా చూసి, "సందులే గదా. మన తాన లెవ్వా? గింత దూరం పోయి సందుల నిలవడాల్నా?" అంది. కోర్తె కోట దగ్గరికి వచ్చేసరికి ఆమెకు నవ్వొచ్చింది. "గోలకొండకు పోతే కిందనే నిలవడ్డడు. నువ్వెక్కిరాపో, నేను చెప్పులు కావలుంట అన్నడు."

ప్రేమ్‌రాజ్‌కు లోపల కొంచెం తగిలింది. అది అతని దీవి. "పెద్దమ్మా, గుట్టల దీవి అది. ఊర్లన్ని గట్లనే ఉంటయ్. అయినా ఫోటోల ఎక్కేదేమున్నది? తెచ్చి నిలవెట్టుడే గదా" అన్నాడు.

ఆమె అతనివంక చిన్నపిల్లాడిని చూసినట్టు చూసింది. "ఎక్కకుండ ఆడికెట్ల వచ్చిండు అని సూసెటోళ్ళు అనరా? ఆయనను ఎరుకైనోళ్ళు ఒక్కలు గూడ నమ్మరు. నువ్వు పోయినవా గీ ఊర్లకు?"

ప్రేమ్‌రాజ్ మౌస్ మీద దుమ్ము తుడిచాడు. కత్తెర ఆపకుండా సుజనే జవాబు చెప్పింది: "జల్‌పల్లి దాటలే పెద్దమ్మా."

ఇక మిగిలింది సీడీలో అన్నిటికన్నా చివరి బొమ్మ. దానికి ఊరి పేరు లేదు, ఒట్టి నంబరే ఉంది. పేరు చెప్పలేని ఊరికి మనుషులను పంపడం ఎలాగని అతను ఇన్నేళ్ళలో ఎవరికీ చూపించలేదు. సముద్రం కూడా కనబడదు. రాళ్ళు పరిచిన చిన్న చౌరస్తా, ఒక చెట్టు, దాని కింద రాతి బెంచీ, దూరంగా కొండ. మొహమాటంగానే తెరిచాడు.

నాగమణమ్మ కళ్ళజోడు పైకి తోసుకుని తెర దగ్గరికి వంగింది. బొమ్మ అంచున, సగం తెగి, ఒక మూడు చక్రాల చిన్న బండి ఉంది. కూరగాయలు మోసేదో ఏమో. ఆమె దాని మీద వేలు పెట్టింది.

"ఆటో!"

"అది ఆటో గాదేమో పెద్దమ్మా..."

"మూడు గిర్రలున్నయ్. ఆటో గాకపోతే ఇమానమా? ఆటో వస్తదన్నట్టు ఆడిదాంక. బెంచీ గూడ ఉన్నది. సల్లగ సెట్టున్నది. గిదే."

"గా ఊరి పేరు తెల్వది" అన్నాడు ప్రేమ్‌రాజ్. నిజం ఒప్పుకోవడం కష్టంగానే ఉంది.

"పేరెందుకు బిడ్డా? కూసునేతందుకు పోతున్నం."

ఇక పని మొదలైంది, చిక్కులూ మొదలయ్యాయి. వెనక ఆకుపచ్చ గుడ్డ కట్టి ఫోటో తీస్తే, కంప్యూటరు ఆ పచ్చదనాన్ని తుడిచేసి అక్కడ ఊరిని నింపుతుంది. ఆకుపచ్చ చీరతో వచ్చిన మనిషి చీర కూడా మాయమై, తలా చేతులూ మాత్రం కోర్సికా గాల్లో తేలుతాయి. అందుకని నీలం గుడ్డ కూడా ఉంచుకున్నాడు. నీలం గుడ్డ కడుతూ, "ఆగయ్య బాపుకు ఒళ్ళు గావాలె గదా పెద్దమ్మా, కోటు టై ఉన్నది పెడుదమా?" అని అడిగాడు. స్టూడియోలో తలకాయలు లేని కోట్లు కొన్ని సిద్ధంగా ఉంటాయి. ఎందరో పెద్దమనుషులు చనిపోయాకే మొదటిసారి వాటిని తొడుక్కున్నారు.

"ఆయన ఎన్నడు కోటు తొడుగలే" అంటూ నాగమణమ్మ సంచిలోంచి ఉతికి మడతపెట్టిన చొక్కా తీసింది. నీలం చొక్కా. "ఈ చీర, గీ అంగి ఒక్కనాడే కొన్నడు."

పచ్చ గుడ్డ కడితే ఆమె మాయం. నీలం గుడ్డ కడితే ఆయన మాయం. విడివిడిగా తీసి అతికిస్తే ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నట్టు ఉండదు. ఈ విద్యలో ఇంతటి ధర్మసంకటం ప్రేమ్‌రాజ్‌కు మునుపెన్నడూ ఎదురవలేదు. చీర మార్చుకు రమ్మనడానికి నోరు తెరిచి, ఆమె ఒళ్ళో ఉన్న చొక్కా వైపు చూసి, మూసుకున్నాడు. రెండు గుడ్డలూ విప్పేశాడు. "గోడ ముంగటనే తీస్త. చేత్తోటి కోస్త" అన్నాడు. అంచు వెంబడి మౌస్‌తో వెంట్రుక వెంట్రుకా కత్తిరించే పని అది, కొత్త కుర్రాళ్ళెవరూ పెట్టుకోరు.

"అంగి ఎవరు తొడుగుతరు మరి?" అంది సుజన.

దుకాణంలో మగవాడు ఒక్కడే ఉన్నాడు. సుజన అతన్ని పక్కకు పిలిచి గొంతు తగ్గించింది. "సచ్చిపోయినోళ్ళ అంగి తొడుగుతవా?"

"ఉతికింది గదనే."

తొడుక్కున్నాడు. భుజాల దగ్గర కాస్త వదులు. నాగమణమ్మ పక్కన బల్ల మీద కూర్చున్నాడు. కెమెరా సుజన చేతికి పోయింది.

"గట్ల గాదు" అంది నాగమణమ్మ. "ఎడమ కాలు సాపు. ఆయనకు మడవరాదు. ఆ... చెయ్యి మోకాలు మీద పెట్టు. గట్టిగ గాదు, రుద్దుకునేటట్టు." తనే అతని చేతిని పట్టుకుని సరైన చోట పెట్టింది. కాలర్ సరిచేసింది. "సక్కగ కూసోరాదు? ఎన్నడు సక్కగ కూసోవు" అని కసిరింది. కసిరాక అది ఎవరితో అన్నదో గుర్తొచ్చినట్టుంది, ముందుకు తిరిగి కెమెరావంక చూసింది.

ప్రేమ్‌రాజ్ కదలలేదు. ఇన్నేళ్ళుగా ఇతరులకు "కదలకుండ్రి" అని చెప్పినవాడు, కదలకుండా ఉండటం ఎంత కష్టమో ఆనాడే తెలుసుకున్నాడు. సుజన నొక్కింది. ఇంకొకటి నొక్కింది. ఎందుకైనా మంచిదని మూడోది కూడా నొక్కి కళ్ళు తుడుచుకుంది.

ఫోటో తయారవడానికి చాలా పొద్దులు పట్టింది. కార్డులోని ముఖానికి ఒళ్ళు అతికించడం పెద్ద పని కాదు. ఆఫీసు గోడ ముందు బిగుసుకున్న ముఖానికి చెట్టునీడ అలవాటు చేయడం పెద్ద పని. ప్రేమ్‌రాజ్ ఒక చెంపకు కొంచెం ఎండ ఇచ్చాడు. పెదవుల మూల నవ్వు పెట్టి చూసి, అది ఆగయ్య నవ్వు కాదనిపించి తీసేశాడు. చీర అంచు పోగు పోగూ కత్తిరించాడు. మూడు చక్రాల బండిని తొలగిస్తే బొమ్మ ఇంకా శుభ్రంగా ఉంటుందని చేతివేళ్ళు తహతహలాడాయి. తొలగించలేదు. అది లేకపోతే ఆగయ్య అక్కడికి రాలేడు.

నాగమణమ్మ వచ్చి, ఫ్రేము కట్టిన ఫోటోను బల్ల మీద నిలబెట్టి, చాలాసేపు చూసింది. చౌరస్తాలో చెట్టు కింద బెంచీ మీద ఇద్దరూ కూర్చుని ఉన్నారు. ఆమె పచ్చచీర, ఆయన నీలం చొక్కా, రెండూ ఉన్నాయి. ప్రేమ్‌రాజ్ ఆమె చూపు వెంటే వెళ్ళాడు. ముఖం బాగాలేదంటుందా, మెడ దగ్గర అతుకు కనబడిందంటుందా, ఇంకో ఊరు చూపమంటుందా?

"సల్లగుంటదా ఆడ?" అని అడిగింది.

"ఉంటది పెద్దమ్మా. గుట్టల మీది గాలి గదా."

"కూసున్నడు" అంది. అంతే. కొంగుతో అద్దం తుడిచి, సంచిలో పెట్టుకుని, బయట ఆటో పిలుచుకుంది.

ఆ ఫోటో చూసి బస్తీలో మోకాళ్ళ నొప్పులున్న జంటలు కొన్ని స్టూడియోకు వచ్చాయి. అందరికీ ఆటో వెళ్ళే ఊరే కావాలి. ప్రేమ్‌రాజ్ కాదనకుండా పంపుతున్నాడు. ఇప్పటికీ నంబరు చెప్పడు. "ఆటో ఊరు" అంటాడు.

ఇక చరిత్రకారుల దృష్టికి తేవలసిన విషయం ఒకటి మిగిలింది. నాగమణమ్మ ఇంట్లో దేవుళ్ళ పటాల పక్కన ఆ ఫోటో ఉంది. తల ఆగయ్యది, చొక్కా ఆగయ్యది, కాలు చాపిన తీరు కూడా ఆగయ్యదే. మోకాలి మీది చెయ్యి మాత్రం ప్రేమ్‌రాజ్‌ది. దబీర్‌పురాను కోర్సికాకు పంపిన మనిషి ఎట్టకేలకు తానూ ఆ దీవి మీద కాలు మోపాడు. రాళ్ళు పరిచిన ఆ చౌరస్తాలో, పేరు తెలియని ఆ కొండకు ఎదురుగా, అతని పాదాలు రెండూ స్పష్టంగా కనబడతాయి.

ఎడమకాలి చెప్పుకు, తెగిన చోట, పిన్నీసు ఉంది.