బద్రీనాథ్ సేటు వ్యతిరేకం

సంగారెడ్డి బజారులో బెల్లం దుకాణం నడిపే బద్రీనాథ్ సేటుకు ఒకే ఒక్క జబ్బు. ఎవరేమన్నా "నేను వ్యతిరేకం" అంటాడు. పెళ్ళిచూపుల్లో సరస్వతిని చూపించి, పిల్ల నచ్చిందా అని పెద్దలడిగితే, "పిల్లనడగకుండ నన్నడుగుడుకు నేను వ్యతిరేకం" అన్నాడట. సరస్వతి అప్పుడు నవ్వింది. పెళ్ళయ్యాక నవ్వడానికి తీరిక దొరకలేదు.

అలాంటి మనిషిని డెబ్బై మూడులో కబడ్డీ అంపైర్ల సంఘం కమిటీలో వేసుకున్నారు. మీటింగులకు చోటు లేదంటే దుకాణం వెనక గదిని ఆయనే ఇచ్చాడు. ఇచ్చి, అక్కడ మీటింగు పెట్టడాన్ని వ్యతిరేకించాడు.

అధ్యక్షుడు రాజారావుది ఇంకో జబ్బు. బద్రీనాథ్ అటంటే ఆయన ఇటనాలి.

"సున్నం గీతలు సన్నగున్నయి. నేను వ్యతిరేకం."

"గీతలు సన్నగనే ఉండాలె!"

"చాయ్ నీళ్ళ తీరుగున్నది. నేను వ్యతిరేకం."

"చాయ్ అమృతం! వదినే, ఇంకో గ్లాసియ్యి!"

రాజారావు ఎటు చెయ్యెత్తితే కమిటీ అటే ఎత్తేది. లింగం అనే సభ్యుడైతే కునుకు తీస్తూ కూడా ఎత్తేవాడు. ఇదంతా సరస్వతికి వంటింటి తలుపు సందులోంచి తెలుసు.

ఆ ఎండాకాలం ఫైనల్లో పటాన్‌చెరు ఫ్యాక్టరీ టీము ఓడింది. కూతకెళ్ళిన వాళ్ళ ఆటగాడు నడిగీతకు తిరిగి రాకముందే కూత తెగిందని, అంపైరు కర్దనూర్ సత్తయ్య సీటీ ఊది ఔటిచ్చాడు. కూత తెగడం మైదానమంతా విన్నది, ఫ్యాక్టరీ వాళ్ళు తప్ప. పోటీలకు షామియానా ఇచ్చేది వాళ్ళే. సత్తయ్యను సంఘంలోంచి తీసెయ్యమని కబురు పెట్టారు. రాజారావు వెళ్ళి సరేనని తలూపి వచ్చాడు.

మీటింగు నాటి పొద్దున సత్తయ్య భార్య సుమిత్ర వచ్చి సరస్వతి ముందు కూలబడింది. "అక్కా, ఆయన సీటీని దేవుని గూట్లె పెట్టుకుంటడు. అది గుంజుకుంటే ఇగ మనిషి మనిషిగ ఉండడు. సేటుకు జెర చెప్పు."

సరస్వతి చెప్పింది. "జన్మల ఒక్కసారన్న మంచి దిక్కు మాట్లాడుండ్రి. సత్తయ్యను కాపాడుండ్రి."

"నేను వ్యతిరేకం" అని బద్రీనాథ్ చెప్పులేసుకుని దుకాణంలోకి పోయాడు.

సాయంత్రం అందరూ కూర్చున్నారు. రాజారావు గొంతు సవరించుకునేలోపే బద్రీనాథ్ లేచాడు.

"సత్తయ్యను తీసెయ్యాలె! ఉత్తగ తీసేస్తే సాలదు, సీటీ గూడ గుంజుకోవాలె!"

వంటింట్లో సరస్వతికి ఒళ్ళు మండింది. ఒక చాయ్ గ్లాసులో చక్కెరకు బదులు పిడికెడు ఉప్పు కలిపి, తెచ్చి మొగుడి చేతిలో పెట్టి పోయింది.

రాజారావు బల్ల గుద్దాడు. "సీటీ గుంజుకుంటవా? తక్కెడల బెల్లం జోకెటోనివి, నీకేం తెల్సు? కూత తెగింది నేను నా చెవులతోని విన్న!"

"నీ చెవులకు నేను వ్యతిరేకం."

"అయితే సత్తయ్య ఉంటడు! వచ్చే ఫైనల్ గూడ ఆయనదే!"

"మరి షామియానా?" అన్నాడు లింగం, చెయ్యి ముందే ఎత్తి పెట్టుకుని.

"ఎండల ఆడుతరు! ఎత్తుండ్రి చేతులు!"

చేతులన్నీ లేచాయి. బద్రీనాథ్ ఒక్కడే వ్యతిరేకమని రాయించుకుని, గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టాడు. మొహం మాత్రం బెల్లం తిన్నట్టే ఉంది.

అందరూ పోయాక సరస్వతి వచ్చి ఎదురుగా నిలబడింది.

"కావాలనే అట్లన్నరు గద?"

"నీళ్ళియ్యి."

చెంబెడు తాగాడు. ఇంకో చెంబు అడిగాడు.

"చాయ్‌ల ఉప్పున్నదని తెల్సిందా?"

"మొదటి గుక్కకే."

"దినాం మంచి చాయ్‌కే వంక పెడ్తరు. గియ్యాల నోరెందుకు లేవలే?"

బద్రీనాథ్ మూతి తుడుచుకున్నాడు.

"వంక పెడ్తే, అమృతమని రాజారావు నా గ్లాసు గుంజుకొని తాగుతుండె. పాపం, ఆయనకు బీపీ. డాక్టరు ఉప్పు బంద్ పెట్టిండు."