తిన్నది కాదు, అన్నది

"కడుపు ఒప్పుకోవట్లేదే."

"ఎవుల్ని ఏటన్నావు మావా?"

"ఎవర్నీ ఏమీ అన్లేదే."

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలివి. ఆ మాట అని ఆయన వంటగది గడప మీద కూర్చున్నారు. నేను నవ్వుకుంటూ గంజి వారుస్తున్నాను. తిరిగి చూసేసరికి తల గోడకి ఆనించి ఉన్నారు. పిలిస్తే పలకలేదు.

మా ఆయన పోయారు. పేరు నా నోట రాదు, పలికే అలవాటు లేదు. సుజాతే రాస్తుంది: స్టీలు ప్లాంటులో క్రేను నడిపి రిటైరైన వీర్రాజు గారు. సుజాత మా ఆడపడుచు కూతురు. నాకు సంతకం వరకే వచ్చు కాబట్టి నేను చెబుతుంటే తను రాస్తోంది. పెద్దకర్మ రోజున పంచే పుస్తకంలో వేస్తారట. 'పరమపదించారు' అని రాసి వినిపించింది. ఉండనీ, ఆయనకి తగిన మాటే. నాకు మాత్రం ఇంకా ఏ మాటా తగలడం లేదు.

"అత్తా, మావయ్య గుణగణాలు చెప్పు" అంటోంది. గుణగణాలంటే, ఆయన కడుపుని అడిగి బతికిన మనిషి. తిండిపోతు అని కాదు. గోదావరి నుంచి ఉద్యోగానికి వచ్చినప్పుడు వాళ్ళమ్మ ఇచ్చిన తరవాణి కుండని ఒళ్ళో పెట్టుకుని దువ్వాడలో రైలు దిగిన మనిషి. వార్చిన గంజీ, గుప్పెడు అన్నమూ రోజూ వేసి పులియబెట్టే నీళ్ళే తరవాణి. పాతది కొంచెం ఉంచి కొత్తది కలుపుతూ పోతే ఆ కుండ ఏళ్ళ తరబడి బతుకుతుంది. మాది విశాఖ దగ్గర పద్మనాభం వైపు. మేము చోడంబలి, అదే రాగి అంబలి, తాగి పెరిగాం. కాపురానికొచ్చిన కొత్తలో ఆ కుండ మూత తీసి, "ఏటీ పుల్లకంపు? ఇది తాగితే మనిసి బతుకుతాడేటి?" అన్నాను.

"మీ చోడంబలి తాగినోళ్ళు బతకలేదేంటే? నేనూ బతుకుతాను" అన్నారు.

స్నానం చెయ్యనిదే ఆ కుండని ముట్టేవారు కాదు. గ్లాసుడు తేట తాగి, బొడ్డు మీద చెయ్యి వేసుకుని కాసేపు కళ్ళు మూసుకునేవారు. అదే ఆయన పూజ. "సామికి దీపం ఎట్టకుండా ఈ కూకోడం ఏటి?" అని నేను దెప్పితే, "దీపం లోపలుందే. గాలి కొట్టకుండా చూసుకుంటున్నాను" అనేవారు. నవ్వించడానికే అన్నారో, నిజంగానే అన్నారో నాకు తెలియదు. కడుపు కుదురుగా ఉంటేనే లోపలున్నవాడు మెల్లగా అన్న మాట కూడా వినపడుతుందని మాత్రం నమ్మకంగా చెప్పేవారు.

ఒకసారి సింహాచలంలో క్యూలో నిలబడ్డాం. ఇంకాసేపట్లో దర్శనం అవుతుందనగా ఆయన ముఖం చిన్నబుచ్చుకుని, "కడుపు ఒప్పుకోవట్లేదే" అన్నారు.

"పొద్దున్న ఏటి తిన్నావేటి?"

"తిన్నది కాదే, అన్నది."

ముందు రోజు డ్యూటీలో తోటి ఆపరేటరు అప్పారావుని నలుగురి ముందూ చేతకానివాడని అన్నారట. దర్శనం మానుకుని క్యూలోంచి బయటికొచ్చి, బస్సెక్కి గాజువాకలో అతనింటికి వెళ్ళాం. అప్పారావు మమ్మల్ని గుమ్మంలోనే నిలబెట్టాడు.

"ఏటి బావా, సామి ఎల్లగొట్టేసాడేటి?"

"ముందు నువ్వు నీ ఇంట్లోకి రానిస్తే, తర్వాత తను రానిస్తానన్నాడు."

"అయితే రా మరి. నీ పుల్లనీళ్ళు మాత్రం మాకాడ నేవు."

అప్పటి నుంచి మా ఇంట్లో 'కడుపు ఒప్పుకోవట్లేదు' అంటే ఎవరి మనసో నొచ్చుకుందని అర్థం. ఎవరిని ఏమన్నావని నేను అడుగుతాను. ఆయన ఆలోచించి పేరు చెబుతారు. చొక్కా వేసుకుని వెళ్ళి, మాట దిద్దుకుని వస్తారు. వచ్చాక అన్నం హాయిగా తింటారు. కాపురం అంతా అలాగే గడిచింది.

అందుకే ఆ రోజూ అదే అడిగాను. ఏమీ అనలేదన్నా, కూర్చుని పేరు వెతుక్కుంటున్నారనుకున్నాను. ఆసుపత్రిలో డాక్టరు, "అది కడుపు కాదమ్మా, గుండె. గుండె నొప్పి ఒక్కోసారి పొట్ట పైభాగంలో తెలుస్తుంది" అని చెప్పాడు. కడుపు ఆయనకి చెప్పింది. ఆయన నాకు చెప్పారు. మా ఇంటి భాషలో ఆ మాటకి ఇంకో అర్థం లేకపోయింది. నేనేం చెయ్యను?

మైల వచ్చిందని పెద్దవాళ్ళు ఇంట్లో వండినవన్నీ పారబోశారు. తరవాణి కుండ కూడా పెరట్లో ఒంపేశారు. ఎవరినీ తప్పు పట్టను, ఆనవాయితీ అది. ఆయన ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది మట్టిలోకి ఇంకిపోతుంటే చూస్తూ కూర్చున్నాను.

పక్కింటి కరుణమ్మ ఎప్పుడో మా కుండలోంచే కొంచెం తీసుకెళ్ళి తనింట్లో తోడుపెట్టుకుంది. నిన్న చర్చి నుంచి వస్తూ ఒక గ్లాసుడు తెచ్చి ఇచ్చింది. "ఇది మీదే వదినా. అన్నయ్య సేత్తో పోసిచ్చిందే. రెండు గుక్కలు తాగు" అంది. గ్లాసు పట్టుకుని, ఆయనలాగే బొడ్డు మీద చెయ్యి వేసుకున్నాను. తాగనా, వద్దా అని అడిగాను. ఏమీ వినపడలేదు. ఆకలో దుఃఖమో కూడా తెలియలేదు. ఆయన చెబుతున్నారు కదా అని కడుపు మాట వినడం నేను ఎప్పుడూ నేర్చుకోలేదు. పాపం, కరుణమ్మ నేను తాగని గ్లాసు అలాగే తీసుకుని వెళ్ళిపోయింది.

అటువంటి మనిషి మళ్ళీ దొరకడని సుజాత రాస్తానంటోంది. రాయనీ. నేను చెప్పుకునేది ఒకటే. ఎవరినీ ఏమీ అనలేదన్నారు. ఆయనది అబద్ధమాడే నోరు కాదు. అయినా ఈ పుస్తకం చదివేవారిలో ఆయన మాట తగిలినవారెవరైనా ఉంటే నాకు కబురు పెట్టండి. చొక్కా వేసుకుని ఆయన రాలేరు. నేను వస్తాను.

ఇంక సాలు సుజాతా. మొదట్నుంచి ఓపాలి సదువమ్మా. మీ మావయ్య ఆఖరి మాట కాడ మెల్లగా సదువు. నొప్పితో అన్నాడో, నవ్వుతూ అన్నాడో, ఈపాలైనా ఇంటాను.