మైకులో చచ్చిపోయిన మనిషి

ఆ ఎన్నికల్లో మా అభ్యర్థి బతికున్న మనిషిని ఒకణ్ణి ఊరూరా మైకులో చంపుకుంటూ తిరిగాడు. ఆ మనిషి సంగతి ఆయనకు రాసిచ్చింది నేనే. ఇన్నేళ్లయినా తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

రెండువేల సంవత్సరం దాటాక వచ్చిన అసెంబ్లీ ఎన్నికలవి. నేను పలాసలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. మా కరస్పాండెంటుగారి బావమరిది పోటీలో నిలబడ్డాడు. ఆయన ఉపన్యాసం కరెంటు బిల్లు చదివినట్టుండేది. హామీ తర్వాత హామీ. జనం సగంలోనే లేచి పోయేవారు. మీరు తెలుగు టీచరు కదా, నాలుగు మంచి ముక్కలు రాసిపెట్టండి అని కరస్పాండెంటుగారు అడిగారు. జీతమిచ్చే మనిషి అడిగినా, చెప్పినా ఒకటే. సరేనన్నాను.

మంచి ముక్కలతో పని జరగదని నాకనిపించింది. మనవాళ్లకు హామీలు గుర్తుండవు, మనుషులు గుర్తుంటారు. ఒక్క మనిషి గురించి చెప్పించాలనుకున్నాను.

మా వీధికి వారం వారం ఎండు నెత్తళ్ల గంపతో ఒకామె వచ్చేది. ఉద్దానంలో సముద్రపు ఒడ్డున ఒక చేపల పల్లె ఆమెది. పూండిలో రైలెక్కి వచ్చి, బేరమయ్యాక మా అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగేది. అలా ఒకసారి తన సంగతి చెప్పింది. మొగుడు వేటకెళ్లిన రోజు గాలి తిరిగింది. మిగతా తెప్పలు వచ్చాయి, అతని తెప్ప రాలేదు. తోటివాళ్లు వెతికి వెతికి ఊరుకున్నారు. కొన్నాళ్లకు అత్తింటి ఆడవాళ్లు వచ్చి, జరగవలసింది జరిపించేద్దామన్నారు. ఈమె గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. "సవాన్ని సూపించండి. గాజులు నానే తీసిత్తాను" అందట.

అతను ఒడిశా వైపు ఒడ్డుకు కొట్టుకుపోయాడు. అక్కడి జాలర్లు చద్దన్నం పెట్టి, జ్వరం తగ్గేదాకా ఉంచుకుని, ఇచ్ఛాపురం దాకా తెచ్చి వదిలిపెట్టారు. అతను బస్సు దిగి ఇల్లు చేరేసరికి ఈమె చేపలమ్మడానికి వెళ్లింది. తిరిగొచ్చి చూస్తే చూరు కింద కూర్చుని గంజి తాగుతున్నాడట. ఆ మాట చెబుతూ చాలాసేపు నవ్వింది.

మీటింగుల్లో చెప్పించవచ్చా అని అడిగాను. పేరెత్తకుండా చెప్పుకోమంది. "బతికొచ్చినాడని మాత్రం గట్టిగా సెప్పమనమ్మా" అంది.

అలాగే రాశాను. ఈ తీరానికి ఒక జెట్టీ లేదు, గాలి తిరుగుతుందని ముందుగా చెప్పే దిక్కు లేదు, ఆ ఇంటికి కాపలా కాసింది ఒక ఆడదాని మొండితనమొక్కటే, అది ఎన్నిళ్లను కాస్తుంది అని ముగించాను. వజ్రపుకొత్తూరు దగ్గర ఒక పల్లెలో మొదటిసారి చెప్పాడు. నేను జీపు పక్కన నిలబడి విన్నాను. ఒక్కరూ కదల్లేదు. అయ్యాక ఒక ముసలాయన దగ్గరికొచ్చి, సముద్రంలో పోయిన తన తమ్ముడి సంగతి చెప్పుకున్నాడు. అభ్యర్థి ఆయన చేయి పట్టుకుని చివరిదాకా విన్నాడు. ఆ సాయంత్రం నాకు నిజంగానే సంతోషమనిపించింది.

మందసలో మార్చేశాడు. గాజుల దగ్గరకొచ్చి ఆగాడు, గొంతు సవరించుకున్నాడు, మర్నాడు శవం ఒడ్డుకు కొట్టుకొచ్చిందన్నాడు. ఆమె చేతి గాజులు పగలగొట్టారన్నాడు. ముందు వరసలో ఆడవాళ్లు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు.

జీపులో అడిగాను, అతను బతికే ఉన్నాడు కదండీ అని. ఆయనకు కోపం రాలేదు, అదే నాకు మరీ కష్టమనిపించింది. పాఠం చెబుతున్నట్టు నాకు వివరించాడు.

"టీచరుగారూ, బతికొచ్చాడంటే హమ్మయ్య అనుకుని ఇంటికి పోతారు. చచ్చిపోయాడంటే మనసులో పెట్టుకుని పోతారు. పేరు చెప్పలేదు కదా, ఎవరికి నష్టం?"

నష్టం ఎవరికో ఆ వారమే తెలిసింది. ఆమె వచ్చి, ఎప్పటిలా కేక వెయ్యకుండా, గంప దించి అరుగు మీద కూర్చుంది. నీళ్లిస్తే తీసుకోలేదు.

"మందసకి బేరానికెల్తే అడిగినారమ్మా, ఆ సచ్చిపోయినోడు మీ ఊరోడేనా అని. మా మావేనన్నాను, బతికే ఉన్నాడన్నాను. ఒక ముసిల్ది నా సేతులకేసి సూసి, ఇంకా గాజులేటే నీకు అంది. మావోళ్లనే తియ్యనివ్వనిదాన్ని, ఇప్పుడు ఊరందరికీ సంజాయిసీ సెప్పుకోవాలేటి?"

నేను మార్చలేదని చెప్పాను. తెలుసంది. తెలిసినందువల్ల ఆమెకు ఒరిగిందేమీ లేదు.

ఆ రోజే అభ్యర్థి ఇంటికి వెళ్లాను. మార్చేస్తాం అన్నాడు. మార్చాడు కూడా, టెక్కలి వైపు ఎక్కడో ఒక పసిపిల్లను కూడా కలిపాడు, శవం మీద పడి ఏడ్చే పిల్లను. ఇక మాన్పించండి అని కరస్పాండెంటుగారితో చెబితే, మీ పని మీరు బాగా చేశారు, మిగతాది వాళ్లు చూసుకుంటారు అన్నారు. మెచ్చుకుంటున్నట్టే అన్నారు. పరీక్ష పేపర్లు దిద్దుతూ ఎర్ర కలం ఎన్నిసార్లు విసిరికొట్టానో.

చివరి సభ కాశీబుగ్గలో. ఆమె మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. అతణ్ణి చూడటం నాకదే మొదలు. ఎండకు నల్లబడ్డ, మాటలు తక్కువ మనిషి. సంగతేమిటో అడిగే తీరిక కార్యకర్తలకు లేదు. చేపల పల్లెల వాళ్లు ముందు కనిపించాలని, మెడలో కండువా వేసి ముందు వరసలో కూర్చోబెట్టారు. అతనెదుటే అభ్యర్థి అతని శవాన్ని ఒడ్డుకు తెచ్చాడు. అతను కండువా కొసలు సర్దుకుంటూ వింటున్నాడు.

ఆమె లేచి నిలబడింది. అరవలేదు. మైకు లేకపోయినా వేదిక దాకా వినిపించింది.

"సచ్చిపోనేదు బాబూ. ఇదిగో, మీరేసిన కండువాతోనే కూకున్నాడు."

జనం గుసగుసలాడారు, ఎవరో నవ్వారు. ఇప్పుడైనా నిజం ఒప్పుకుంటాడనుకున్నాను. ఆయన ఒక్క క్షణం తడబడ్డాడు. వెంటనే వేదిక దిగొచ్చి అతణ్ణి కౌగలించుకుని, మీ దీవెన ఉంటే చచ్చిపోయారనుకున్నవాళ్లు కూడా తిరిగొస్తారు అన్నాడు. చప్పట్లు, డప్పులు. ఫొటోలు తీశారు. ఆ గోలలో ఆమె ఇంకేదో చెబుతోంది, పెదవులు కదలడం మాత్రం కనిపించింది. కాసేపటికి మొగుడి మెడలోంచి కండువా తీసి కుర్చీలో పెట్టి, అతని చేయి పట్టుకుని బయటికి నడిచింది.

అభ్యర్థి గెలిచాడు. జెట్టీ మాట మళ్లీ వినలేదు. ఆమె మా వీధికి వస్తూనే ఉంది, నెత్తళ్లు ఇస్తూనే ఉంది. అరుగు మీద మాత్రం కూర్చోవడం మానేసింది. కూర్చోమంటే, రైలు వేళయిందనేది.

తర్వాత ఏడాదో, ఆ పై ఏడాదో మందస నుంచి పలాస వస్తుంటే బస్సులో నా పక్కన ఒక రైతు ఇల్లాలు కూర్చుంది. మాటల్లో ఆ సముద్రపు ఒడ్డు సంగతి వచ్చింది. పసిపిల్లను వదిలేసి సముద్రంలో పోయిన ఒక జాలరి గురించి చెబుతూ కళ్లొత్తుకుంది. అతను బతికే ఉన్నాడమ్మా, నేను కళ్లారా చూశాను, వాళ్లకు పసిపిల్ల కూడా లేదు అన్నాను. ఆమె నావైపు అదోలా చూసింది.

"మీకు తెల్దు. నాను సెవులారా ఇన్నాను" అంది.

మళ్లీ చెప్పాను, ఆ ఊరి పేరుతో సహా చెప్పాను. ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పలాస వచ్చేదాకా ఇటు తిరగలేదు.