ఎదురింటి ఆంటీ చెప్పిన ఐర్లండ్ కథ

ఆంటీ పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను ఆఫీసులో ఆవిడ కోసమే ఒక కాగితం ప్రింట్ తీస్తున్నాను. ఆవిడ ఎదురుచూస్తున్న సినిమా విడుదల ఈసారి ఖాయమైందన్న వార్త అది. "పొద్దున పాసర్‌కి వెళ్ళొచ్చి కుర్చీలో కూర్చున్నారంట. మళ్ళీ లేవలేదంట," అంది నా రూమ్మేట్. పాసర్ అంటే ఇక్కడ మార్కెట్. సరే అన్నాను. ప్రింటర్ దగ్గరికి వెళ్ళి కాగితం తెచ్చుకుని, మడిచి సంచిలో పెట్టుకుని, మధ్యాహ్నం మీటింగుకి వెళ్ళాను. అడిగినవాటికి జవాబులు కూడా చెప్పాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్న ఇవాళ్టికీ సరిగ్గా రాలేదు. మొద్దుబారిపోవడమంటే ఇదే కాబోలు అనుకుని నా పని నేను చేసుకుంటున్నాను.

ఆవిడ మాకు చుట్టమేమీ కాదు. హైదరాబాదులో కాస్త కంప్యూటర్ కోర్సు చేసిన ప్రతివాళ్ళకీ సింగపూర్‌లో ఉద్యోగం దొరుకుతున్న కాలమిది. అలా దిగినవాళ్ళలో మేం నలుగురు అమ్మాయిలం టోవా పాయోలో ఒక పాత ఫ్లాట్ అద్దెకి తీసుకున్నాం. వరండాకి అటువైపు తలుపు ఆంటీది. మొదటిరోజు గుమ్మం ముందు చిందరవందరగా పడున్న మా చెప్పుల్ని కాలితోనే వరసగా సర్ది, "ఏటే పిల్లలూ, తెలుగోళ్ళేనా?" అన్నారు. ఆవిడ తాతముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చారట. ఆ ఊరు ఆవిడెప్పుడూ చూడలేదు. ఆ ఊరి మాట మాత్రం మాకన్నా చిక్కగా ఉండేది, నడుమ నడుమ అరవం, మలయ్ కలుపుకుని.

చిన్నప్పుడు ఆవిడకి కాన్వెంటు బడిలో ఐర్లండ్ నుంచి వచ్చిన సిస్టర్ ఒకావిడ చదువు చెప్పారు. ఆ సిస్టరే వాళ్ళ దేశపు పాత నవల ఒకటి బహుమతిగా ఇచ్చారు. తరతరాలుగా అక్కడి పిల్లలు బళ్ళో చదువుకునే పుస్తకమట. ఆంటీ దాన్ని ఇన్నేళ్ళూ చదువుతూనే ఉన్నారు. మాకు మాత్రం పుస్తకం ఇవ్వలేదు. తెలుగులో చెప్పేవారు. రోజంతా తెర మీద ఇంగ్లీషు చూసీ చూసీ కళ్ళు కాయలు కాసిన మాకూ అదే హాయిగా ఉండేది.

శనివారం సాయంత్రం వరండాలో పాత పేపరు పరిచి ఎండు నెత్తళ్ళు కుప్ప పోసేవారు. మేం చుట్టూ కూర్చుని తలలు తుంచాలి. చేపలు ఉన్నంతసేపే కథ. చేప ముట్టని మా రూమ్మేట్ కాస్త ఎడంగా కూర్చుని వెల్లుల్లి వలిచేది. కథ మంచి పట్టులో ఉన్నప్పుడు మేం కావాలని నెమ్మదిగా తుంచేవాళ్ళం. ఆవిడ కనిపెట్టేసేవారు. "కతకి తొందర నేదు గానీ, నా పులుసుకి తొందరే," అనేవారు.

కథ ఒక దీవిలో జరుగుతుంది. భర్త పడవ మీద వెళతాడు. భార్య రోజూ పొయ్యి ఆరిపోకుండా చూసుకుంటూ ఎదురుచూస్తుంది. అంతే కథ. కానీ ఆంటీ నోట్లో ఆ దీవి శ్రీకాకుళం ఒడ్డుకి వచ్చేసింది. రొట్టె అట్టయింది. చర్చి ఫాదర్ సామి అయ్యారు. వాళ్ళు పొయ్యిలో కాల్చేదాన్ని ఆవిడ పిడకలు అన్నారు గనక, ఐర్లండ్‌లో ఇళ్ళ గోడల నిండా పిడకలు కొడతారని నేను చాలాకాలం నమ్మాను. తర్వాత ఇంటర్నెట్లో సినిమా ఫోటోలు చూస్తే అక్కడ జనం చిత్తడినేలలోంచి మట్టిని పొయ్యిలోకని ఇటుకల్లా కోస్తున్నారు. నాకు నచ్చలేదు. నా పిడకలే బాగున్నాయి.

చివరి అధ్యాయంలో తెల్లారగట్ల పడవ వస్తుంది. అతను చిక్కి సగమైపోయి ఉంటాడు. "ఆకలేస్తంది" అంటాడు. ఆమె పొయ్యి మీద అట్టు తిరగేస్తుంది. "అయిపోనాది. లెగండి, సేతులు కడుక్కోండి," అన్నారు ఆంటీ. మేం లేవలేదు. మళ్ళీ చెప్పమన్నాం. ఆ చివరి ముక్క ఎన్నిసార్లు చెప్పించుకున్నామో.

ఆ నవలని సినిమా తీస్తున్నారని నేనే ఆఫీసు ఇంటర్నెట్లో చూసి ఆవిడకి చెప్పాను. ప్రపంచంలో ఆ పుస్తకం అభిమానులంతా చేరి కొట్టుకునే పేజీ ఒకటుంది. భార్య వేషం వేసే నటివి మట్టి మోసిన చేతులు కావంటాడొకడు. షూటింగ్ చేసిన దీవి అసలు దీవే కాదంటుంది ఇంకొకామె. నేను రోజూ అవన్నీ మోసుకొచ్చేదాన్ని. రైలు దిగి పైకొచ్చేసరికి ఆంటీ ఇంటి తలుపు తీసే ఉండేది. "ఏటే, మన సినిమా కబురేటి?" ఈ ఊళ్ళో నా కోసం ఎదురుచూసే మనిషి ఒకరున్నారన్నది నాకు ఎంత బలమో అప్పుడు తెలియలేదు.

అభిమానులందరికీ ఒకటే బెంగ, సినిమావాళ్ళు ముగింపు మార్చేస్తారేమోనని. నాకూ అదే బెంగ పట్టుకుంది. "పుస్తకంలో ఉన్నట్టే పడవ తిరిగి రావాలి" అని రాశాను. మర్నాటికి అందరూ నా మీద పడ్డారు. నువ్వు చదివింది ఏ పుస్తకం అన్నారు. ఒళ్ళు మండి ఆంటీకి చెప్పాను. ఆవిడ నెత్తళ్ళ మీంచి తలెత్తలేదు.

"ఆళ్ళకేటి తెలుసే. సినిమా రానీ, సూద్దాం."

లైబ్రరీకి వెళ్ళి చూసుకుంటే తేలిపోయేది. ఒకరోజు గుమ్మం దాకా వెళ్ళాను కూడా. ఆవిడ మాట మీద నిఘా పెట్టినట్టుంటుందని వెనక్కి వచ్చేశాను. సినిమా హాల్లో ఆవిడ పక్కన కూర్చునే తేల్చుకోవాలనుకున్నాను. విడుదల వాయిదా పడినప్పుడల్లా అభిమానులంతా గోల పెట్టేవారు. ఆంటీ మాత్రం "పోన్లే" అనేవారు.

ఆంటీ పోయిన పదోరోజున చోవా చూ కాంగ్‌లో ఆవిడ కూతురి ఇంటికి వెళ్ళాం. మేం అక్కా అని పిలుస్తాం. భోజనాలయ్యాక ప్రింట్ తీసిన ఆ కాగితం అక్క చేతికిచ్చాను. చదివి, మళ్ళీ మడతల మీదే మడిచింది.

"బుక్‌లో బోటు రాదు," అంది అక్క, ఈ ఊరివాళ్ళ అలవాటు 'లా' తగిలిస్తూ. "నేను స్కూల్లో ఉన్నప్పుడే లైబ్రరీలో చదివేశాను లా. ఇంటికొచ్చి అమ్మకి చెప్పలేదు. హౌ టు టెల్? మాకూ చిన్నప్పట్నించి అలాగే చెప్పింది."

"ఎందుకలా?" అన్నాను.

"నాన్న షిప్‌లో కుక్ కదా. వెళ్ళారు, రాలేదు. షిప్పూ దొరకలేదు, నాన్నా దొరకలేదు."

ఆంటీ ఇంట్లో గోడ మీద ఆయన ఫోటో మేం రోజూ చూసేవాళ్ళం. దండ లేదు గనక ఎక్కడో దూరదేశంలో ఉద్యోగం అనుకున్నాం. ఆంటీ మమ్మల్ని మోసం చేశారని నాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు. ఏం అనిపించిందంటే చెప్పలేను. ఇంటికొచ్చి రాత్రికి అన్నం వండుకుని తిన్నాం.

పోయిన వారం సినిమా వచ్చింది. వెళ్ళాలా వద్దా అని మాలో మేమే తర్జనభర్జన పడ్డాం. చివరికి అక్కే ఫోన్ చేసింది. "అమ్మ ఇంత వెయిట్ చేసింది. మనం వెళ్ళాలి." హాలు నిండా అభిమానులు. కొందరు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నిజం చెప్పాలంటే సినిమా బాగానే ఉంది. ఆ నటి ఆంటీలా లేదు, అది ఆమె తప్పు కాదు. ఆమె పొయ్యి మీద రొట్టె వేసినప్పుడు అక్క నా మణికట్టు పట్టుకుంది.

తెల్లవారుతోంది. తెర మీద ఆమె శాలువా కప్పుకుని ఒడ్డుకి నడుస్తోంది. హాలంతా ఊపిరి బిగబట్టింది.

"ఇప్పుడే. గో లా," అంది అక్క.

సంచులు తీసుకుని, ఒక్కొక్కరి మోకాళ్ళూ దాటుకుంటూ, మేమంతా బయటికి కదిలాం. వెనక నుంచి ఎవరో "సిట్ డౌన్ లా!" అని విసుక్కున్నారు. సారీ సారీ అంటూ చీకట్లో తలుపు దాకా వచ్చాం. నేనొక్కదాన్నే వెనక్కి తిరిగి చూశాను. తెర నిండా సముద్రం. ఆమె చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని దూరంగా చూస్తోంది. నీళ్ళ మీద ఇంకా ఏమీ లేదు. అక్క తలుపు మూసేసింది.