ముందు మనిషి కప్పుకోవాలి

పరీక్షల బాబాయికి ఒకటే పిచ్చి. ఎవరో ఒక మనిషి ముందుగా కప్పుకుని చూడనిదే ఏ రగ్గునూ గుర్రం మీద వెయ్యనిచ్చేవాడు కాదు. తక్కిన విషయాల్లో ఆయనంత నిదానస్థుడు ఇంకొకడు దొరకడు. పద్నాలుగు గుర్రాలున్న ఆ స్వారీ బడిలో దాణా దగ్గర్నుంచి గిట్టల దాకా ఆయన చెప్పిందే మాట. చలికాలం మొదట్లో రగ్గుల కట్టలు దిగాయంటే మాత్రం, గుమస్తా మొదలుకుని గేటు కాసేవాడి వరకు అందరూ గోడల వారగా నక్కి నక్కి నడిచేవారు. అక్కడ చిరిగిన రగ్గులు కుట్టే టైలరమ్మ తన గదిలోంచి ఆ వేడుకంతా చూసి, "మనిషికి వయసొస్తే బుద్ధి రావాలి గానీ ఇదేం చోద్యం!" అని సూదిలో దారం ఎక్కించుకునేది.

పరీక్షతో ఊరుకున్నా బాగుండేది. ఆయన ఒక్కో గుర్రానికి ఒక్కో మనిషిని జోడీ కట్టాడు. బొచ్చు కత్తిరించిన పరుగుల గుర్రానికి బట్టతల గుమస్తా జోడీ. గుమ్మడికాయ అనే పొట్టి లావుపాటి గుర్రానికి నాడాలు కొట్టే ఆయన జోడీ. తెల్లవారగానే జోడీ మనిషి రగ్గు కప్పుకుని, ఛాతీ దగ్గర పట్టీ, పొట్ట కింద పట్టీ బిగించుకుని, ఆవరణలో బెంచీ మీద గంటసేపు కూర్చోవాలి. బాబాయి ఎదురుగా నోటుపుస్తకం పట్టుకుని నిలబడతాడు. ఆ మొహంలో నవ్వన్నది మచ్చుకైనా ఉండదు.

"వీపు ఎలా ఉంది?"

"వెచ్చగానే ఉంది బాబాయ్," అన్నాడు గుమస్తా.

"చెమట?"

"లేదు."

"భుజాల దగ్గర ఒరుసుకుంటోందా?"

"నేను గుర్రాన్ని కాదు బాబాయ్!"

"తెలుస్తూనే ఉంది. గుర్రమైతే ఇంత మాట్లాడదు. అందుకే నిన్నడుగుతున్నాను. ఒరుసుకుంటోందా, లేదా?"

నాడాలాయన పావుగంటకే చెమటలు కక్కేవాడు. "గుమ్మడికాయకు రగ్గు అక్కర్లేదు. సొంత బొచ్చు చాలు. కప్పితే చెమట పట్టి, ఆ తడికి జబ్బు చేస్తుంది," అని బాబాయి గంభీరంగా రాసుకునేవాడు. నిరుడూ అదే రాశాడు, అంతకు ముందేడూ అదే రాశాడు. అయినా ఈ ఏడు మళ్లీ పరీక్ష పెట్టాడు.

"మీరెందుకు కప్పుకోరు?" అని ఎవరైనా నిలదీస్తే, "పరీక్ష పెట్టేవాడు పరీక్ష రాయకూడదు," అనేవాడు. ఆయన ఒంటిమీద ఎప్పుడూ లోపలి గుడ్డ ఊడిపోయిన పాత కోటొకటి వేలాడుతుండేది.

ఇక టైలరమ్మ సంగతి. ఆవిడకు గుర్రమంటే హడల్. పన్నెండేళ్లుగా గుర్రాల రగ్గులు కుడుతూ, ఒక్క గుర్రం దగ్గరికీ పోని మనిషి ఆవిడే. చిరిగినవాటిని కాపరులే తెచ్చిపడేస్తారు, కుట్టినవాటిని వాళ్లే పట్టుకుపోతారు. ఆవిడ గది ఒకప్పటి దాణా గది. పైన రేకులు, పక్కనే గడ్డివాము. గడ్డి ఉంది కనుక అక్కడ కుంపటి పెట్టకూడదు, హీటరు పెట్టకూడదు. వెలుతురు కావాలి కనుక తలుపు మూయకూడదు. పడమటి గాలి తిన్నగా వచ్చి ఆవిడ వీపు మీదే కూర్చునేది. "చలిగా లేదూ?" అని అడిగితే, "చలా? ఎక్కడ?" అనేది, టకటకలాడే పళ్లతో దారం కొరుకుతూ.

ఒకరిచ్చింది పుచ్చుకునే మనిషి కాదు. ఆవిడ కొత్తగా వచ్చిన ఏడాది బడి యజమానురాలు తన పాత కోటు ఇచ్చింది. మర్నాడు టైలరమ్మ దానికి ఊడిన గుండీలు కుట్టి, చంకలో చిరుగు కలిపి, మడతపెట్టి తిరిగి ఇచ్చేసింది. "చాలా రోజులు వస్తుందండీ, జాగ్రత్తగా వాడుకోండి," అని సలహా కూడా చెప్పింది. ఆ తర్వాత ఆవిడకు ఏదైనా ఇవ్వడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

అలాంటి మనిషికి బాబాయి కట్టిన జోడీ ఎవరనుకున్నారు? పెద్దమ్మ! ఆ బడిలో అన్నిటికన్నా ముసలి ఆడగుర్రం. వెనక కొట్టంలో ఒక మూల నిలబడి ఉంటుందిట. టైలరమ్మకు ఒళ్లు మండిపోయింది.

"నేనంత ముసలిదానిలా కనిపిస్తున్నానా మీ కంటికి?"

"వయసు కాదమ్మా, స్వభావం కలిసింది," అన్నాడు బాబాయి.

"నాకూ గుర్రానికీ స్వభావం కలవడమేమిటండీ!"

"పైగా ముసలి ప్రాణానికి గంట పరీక్ష చాలదు. చలికాలమంతా కప్పుకుని చూడాలి. వారానికోసారి నాకు చెప్పాలి."

ఇవ్వడం వేరు, పనిచెప్పడం వేరు. పనికి టైలరమ్మ ఏనాడూ వెనుదియ్యలేదు. నీలం రంగుది, ఎర్ర అంచుది, లోపల మందంగా దూది పెట్టిన ఆ రగ్గు కప్పుకుని పన్నెండు చలికాలాలు కుట్టుపని చేసింది. ఎండలు ముదిరాక బాబాయి దాన్ని పట్టుకుపోయేవాడు. మళ్లీ చలి మొదలవగానే, "ఉతికితే గుణం మారుతుందమ్మా, మళ్లీ చూడాలి," అని తెచ్చి ఇచ్చేవాడు. ఆవిడ కూడా ఊరికే కప్పుకోలేదు. రగ్గు కింద, మూపు దగ్గర చెయ్యి పెట్టి చూసుకునేది, చల్లబడ్డాయేమోనని చెవులు తడుముకునేది. "మంగళవారం మెడ దగ్గర గాలి దూరింది. గురువారం బాగుంది," అని ఒప్పజెప్పేది. ఆయన అక్షరం పొల్లుపోకుండా రాసుకునేవాడు.

ఒకటి మాత్రం ఆవిడకు నచ్చేది కాదు. చలికాలంలో బాబాయి వేళ్లకు ఎప్పుడూ గుడ్డపీలికలు చుట్టి ఉండేవి.

"ఏమైందండీ?"

"పెద్దమ్మ కొరికింది."

దాంతో టైలరమ్మకు గుర్రాల మీద ఉన్న కాస్త నమ్మకమూ పోయింది. నాకు జోడీ అట, రాక్షసి! అనుకుంది.

ఈ ఏడు చలి పంజా విసిరింది. తొట్టెల్లో నీళ్లు గడ్డకట్టాయి. పెద్దమ్మ మేత మానేసి, ఎముకలు తేలి చిక్కిపోయింది. పశువుల డాక్టరమ్మ వెనక కొట్టంలోంచి వస్తూ టైలరమ్మ గది ముందు ఆగి, బాబాయితో గట్టిగానే చెప్పింది.

"ఈ నాలుగు రోజులూ ఒళ్లు చల్లబడకుండా చూసుకోండి. చల్లబడిందా, ఇక మన చేతుల్లో ఉండదు."

డాక్టరమ్మ అటు వెళ్లగానే టైలరమ్మ తన ఒంటిమీది రగ్గు తీసి బాబాయి ముందు పెట్టింది.

"తీసుకెళ్లండి. ఇది దానిదే కదా."

బాబాయి రగ్గు వైపు చూడలేదు. "పరీక్ష పూర్తి కాలేదమ్మా."

"ఏమిటీ?"

"పాతదేదో కప్పాం లే. నువ్వు కప్పుకో. ముందు మనిషి కప్పుకోవాలి."

"పన్నెండేళ్లు కప్పుకున్నానండీ! అది కాస్తా చచ్చిపోయాక ఎవరికి పెడతారు మీ పరీక్ష?"

ఆయన కోటు సవరించుకుని వెళ్లిపోయాడు. టైలరమ్మకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. అక్కడ నోరులేని ప్రాణి వణుకుతుంటే, దాని రగ్గు తన భుజాల మీద! కొరికితే కొరకనీ అనుకుంది. రగ్గు చంకన పెట్టుకుని, మిట్టమధ్యాహ్నం, పన్నెండేళ్లలో మొదటిసారి గుర్రాల వైపు నడిచింది. ఒక్కో తల బయటికి వచ్చినప్పుడల్లా గోడకు అతుక్కుపోయింది. గుమ్మడికాయ తుమ్మితే పై ప్రాణాలు పైనే పోయాయి. ఎలాగో వెనక కొట్టంలో చివరి గది చేరి, ఒక కన్ను మూసుకుని లోపలికి చూసింది.

పెద్దమ్మ నిలబడి ఉంది. ఒంటిమీద నీలం రంగు రగ్గు. ఎర్ర అంచు.

టైలరమ్మ చంకలోదాన్ని చూసుకుంది, గుర్రం మీదిదాన్ని చూసింది. అచ్చం అదే. కాకపోతే గుర్రం మీది రగ్గుకు నిండా కుట్లు. ఎలాంటి కుట్లు! ఒకటి బెత్తెడు, ఒకటి వేలెడు, వంకరటింకరగా, చేపలు పట్టే దారంతో.

"అయ్యో అయ్యో, ఏ దౌర్భాగ్యుడు కుట్టాడిది!" అని భయం మరిచిపోయి తిన్నగా లోపలికి వెళ్లిపోయింది.

"బాబాయి," అన్నాడు మూలన గడ్డి పరుస్తున్న ముసలి కాపరి. "మీ దగ్గరికి తెస్తే రెండోది ఉందని మీకు తెలిసిపోదూ? పన్నెండేళ్లుగా తనే కుడుతున్నాడు. వేళ్లన్నీ పొడుచుకుంటాడు పాపం."

టైలరమ్మ అలవాటుకొద్దీ రగ్గు కింద, మూపు దగ్గర చెయ్యి పెట్టింది. వెచ్చగా, పొడిగా ఉంది. చెవులు పట్టుకుని చూసింది. అవీ వెచ్చగానే ఉన్నాయి. పెద్దమ్మ ఆవిడ మోచేతిని నోటితో పట్టుకుంది. ఆ నోట్లో కొరకడానికి ముందు పళ్లే లేవు.

"మరి ఈ పరీక్షలు?"

"మీరొచ్చిన ఏడే మొదలయ్యాయి. అంతకుముందు రగ్గు కింద చెయ్యి పెట్టి చూసేవాడు, రెండు నిమిషాల పని. మీకొక్కరికే పెడితే కోటులాగే తిప్పికొడతారని మా అందరికీ పెట్టాడు."

"మీకందరికీ తెలుసా?"

"తెలియకేం? నాడాలాయన పన్నెండేళ్లుగా చెమటలు కక్కుతున్నది మీ మూలానే!"

టైలరమ్మ పెద్దమ్మ మెడకు మొహం ఆనించింది. పట్టరాని సిగ్గు, పట్టరాని సంతోషం రెండూ ఒక్కసారే వచ్చాయి. తర్వాత కళ్లు తుడుచుకుని, పెద్దమ్మ రగ్గు విప్పి, తన రగ్గు దానికి కప్పి, పట్టీలు తనే బిగించింది. ఆ దిక్కుమాలిన కుట్లున్న రగ్గును తను కప్పుకుని గదికి వచ్చేసింది. దాన్నలా వదిలేస్తే ఆవిడ వృత్తికే అవమానం.

నాలుగో రోజుకు పెద్దమ్మ దాణా బకెట్టులో తల పెట్టింది. ఐదో రోజు ఉదయం టైలరమ్మ బాబాయికి కబురు పెట్టింది. ఆయన వచ్చేసరికి బల్ల మీద పాత రగ్గుల మంచి ముక్కలన్నీ కలిపి కుట్టిన కొత్తదొకటి ఉంది. ఛాతీ పట్టీ ఉంది, పొట్ట పట్టీ ఉంది. రెండు చేతులు కూడా ఉన్నాయి.

బాబాయి దాని చేతులు రెండూ తిప్పి చూశాడు. "ఇది ఏ గుర్రానికమ్మా?"

"ఇంకా అనుకోలేదండీ. ముందు మనిషి కప్పుకోవాలి కదా."

"పరీక్ష పెట్టేవాడు..."

"పెట్టేది నేను. తొడుక్కోండి. ఆ నోటుపుస్తకం ఇటివ్వండి."

ఆయన నోటుపుస్తకం ఇచ్చాడు. తొడుక్కున్నాడు. పట్టీ ఆవిడే బిగించింది. బయట నాడాలాయన, గుమస్తా తలుపు పక్కన నక్కి నోళ్లు నొక్కుకున్నారు.

"చెప్పండి. ఇన్నాళ్లూ ఆ కోటులో చలి ఎక్కడెక్కడ వేసింది?"

"చలా? ఎక్కడ?" అన్నాడు బాబాయి.

టైలరమ్మ ఆయన మొహంలోకి చూసింది. ఆ పుస్తకంలో పాత పేజీ ఒకటి తిప్పితే ఆయన దస్తూరీలోనే ఉంది: 'పెద్దమ్మ, టైలరమ్మ జోడీ. చలేస్తోందని ఇద్దరూ చస్తే చెప్పరు.' ఆవిడ 'ఇద్దరూ' కొట్టేసి 'ముగ్గురూ' అని దిద్దింది. కింద ఇంకో ముక్క కూడా చేర్చింది.

"ఏం రాశావమ్మా?" అన్నాడు బాబాయి.

"పరీక్ష ఎండలు ముదిరేదాకా అని రాశాను. వారానికోసారి వచ్చి నాకు చెప్పాలి."