గవరయ్య చేతులు కట్టిన నర్సు

లవీనా పోర్ట్ బ్లెయిర్‌లో ఓ ఆసుపత్రిలో పద్నాలుగేళ్లుగా స్టాఫ్ నర్సు. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ, చదవడం చర్చి పాటల పుస్తకం వరకే. వార్డులో తెలుగు ముసలివాళ్లు చేరితే అందరూ ఆమెనే పిలుస్తారు. గవరయ్య దగ్గరికీ అలాగే పిలిచారు.

గవరయ్యది చౌల్దారీ అనే ఊరు. ఫీనిక్స్ బే రేవు నుంచి దీవులకు తిరిగే బోట్లు నడిపే సరంగుగా ముప్ఫై ఏళ్లు పనిచేశాడు. ఇప్పుడు ఊపిరితిత్తులు పూర్తిగా పాడైపోయాయి. ఒకరోజు పొద్దున ఆక్సిజన్ మాస్కు సర్దుతుంటే లవీనా చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మా, పక్కమంచం ఆయనకి గొంతులో గొట్టం ఎట్టారు. మాటా పలుకూ లేదు. నాకది ఒద్దు. బస్, నన్నింటికి పంపీండి."

"మీ అబ్బాయితో చెప్పారా తాతా?"

"ఆడితో ఎలా చెప్పేదమ్మా? ఏడుత్తాడు."

లవీనా ఆ మాట కేసుషీటులో రాసింది, డాక్టరుకూ చెప్పింది. మధ్యాహ్నం కొడుకు మణికుమార్ వచ్చాక డాక్టరు మంచం దగ్గరే నిలబడి, అవసరమైతే ఊపిరికి గొట్టం వేయమంటారా అని గవరయ్యను హిందీలో అడిగాడు. గవరయ్య కొడుకు ముఖంలోకి చూశాడు.

"ఆడెలాగంటే అలాగే సాబ్."

"తాతా, పొద్దున నాతో అన్న మాట చెప్పండి" అంది లవీనా. అతను కళ్లు మూసుకున్నాడు.

"నా ముందు ఆయన వద్దనలేదు సిస్టర్. నేనేం చేయను?" అన్నాడు డాక్టరు బయటికొచ్చాక. అందులో తప్పు పట్టడానికి లవీనాకేమీ దొరకలేదు.

రెండు రోజులకు గవరయ్యకు స్పృహ తప్పింది.

"గొట్టం వెయ్యకపోతే దీదీ?" అన్నాడు మణికుమార్.

"కొన్ని గంటలు, భయ్యా. కానీ మీ నాన్న నాతో వద్దన్నారు. ఇంటికి పంపమన్నారు."

"డర్‌తో, భయపడి అనుంటాడు. నేను ఒద్దంటే నా చేతుల్తో నేనే చంపుకున్నట్టు కాదా?"

గొట్టం వేయడానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టాడు.

గొట్టం వేసిన మూడో రోజు గవరయ్యకు కాస్త తెలివొచ్చింది. వస్తూనే గొట్టం పీకబోయాడు. డాక్టరు చేతులు కట్టమన్నాడు. డ్యూటీలో ఉన్నది లవీనాయే. మణికట్లకు దూది చుట్టి, గాజుగుడ్డతో మంచం కమ్మీలకు కట్టింది. కడుతున్నంతసేపూ అతను ఆమెనే చూశాడు. "క్షమించండి తాతా" అంది. విన్నాడో లేదో.

మర్నాడు ఒళ్లు తుడవడానికి కుడిచెయ్యి విప్పింది. ఆ చెయ్యి మెల్లగా లేచి గొట్టం వైపు వెళ్లింది. చుట్టుపక్కల ఎవరూ లేరు. లవీనా దాన్ని పట్టుకుని ఆపింది. ఎందుకు ఆపిందో ఈ రోజుకీ ఆమె చెప్పలేకపోతోంది.

గొట్టం వేసిన తొమ్మిదో రోజు గవరయ్య పోయాడు. మణికుమార్ ఆమె దగ్గరికొచ్చి, "చెయ్యాల్సిందంతా చేశాం కదా దీదీ?" అన్నాడు.

"చేశారు భయ్యా."

మరేమనగలదు?

ఇప్పుడు ఎవరైనా గొట్టం వద్దని చెబితే, లవీనా వెంటనే వాళ్ల పిల్లల్ని పిలిపించాలని చూస్తుంది. పోయిన నెల సిప్పీఘాట్ నుంచి వచ్చిన ఎరుకమ్మ కూడా గొట్టం వద్దంది.

"మీ అమ్మాయిని పిలుస్తాను. ఆమె ముందు చెప్పండి మామ్మా."

ఎరుకమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. "ఒద్దులే తల్లీ. నేనేటీ అనలేదనుకో."

ఎరుకమ్మ వద్దన్న మాట రాయాలో మానాలో తెలియక, లవీనా కేసుషీటు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.